పరామర్శకు వెళ్లి ప్రార్థన చేయించుకొచ్చాం

పోయిన నెలలో అమలాపురంలో నా కుడికంటికి శుక్లం తీశారు. మర్నాడు సాయంత్రం కంటికి కట్టు, దాని మీద నల్లకళ్లద్దాలు, ఒళ్లో చుక్కల మందు సీసా పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉండగా మా చర్చి సంఘం వాళ్లు ఒక ఆటో నిండా వచ్చి దిగారు. శుక్లం ఆపరేషను ఈ రోజుల్లో ఒక జబ్బు కింద లెక్క కాదు. అయినా మనిషిని చూడడానికి వట్టి చేతులతో వెళ్లకూడదు గనక బత్తాయిలు, బ్రెడ్డు, ఒక గెల కొబ్బరిబొండాలు తెచ్చారు. కోనసీమలో ఒకరింటికి ఇంకొకరు కొబ్బరిబొండాలు మోసుకెళ్లడం ఏమిటో నాకు ఎప్పటికీ అర్థం కాదు, మా పెరటినిండా ఉన్నవి అవే. కబుర్లు అయ్యాక, ఇక ప్రార్థన చేసుకుని బయల్దేరదామన్నారు. ఎవరు చెయ్యాలన్న దగ్గర చిన్న తగవు వచ్చింది. నేను చేస్తానని ఒకరు, పోయినసారి మీరే చేశారు కదా అని ఇంకొకరు. ఆఖరికి ఎవరినీ కాదనలేక అందరూ చేశారు. ఒకరు నా కుడికన్ను కోసం, ఒకరు రేపో మాపో శుక్లం ముదరబోయే ఎడమకన్ను కోసం, ఒకామె ఆపరేషను చేసిన డాక్టరమ్మ చేతుల కోసం, ఇంకొకాయన నా పత్తెం వండిపెట్టే మా ఆవిడ ఓపిక కోసం. ఆ ఓపిక గల మనిషి స్టవ్ మీద పెట్టి వచ్చిన పాలు ఈ లోపల పొంగి వంటగట్టంతా పారాయి.

వాళ్లు కళ్లు తెరిచేసరికి నా నల్లకళ్లద్దాల కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. కంటికి తడి తగలకూడదన్నారు కదండీ అని మా వదినగారు కంగారు పడింది. చుక్కల మందు మంట అని చెప్పాను. అది మందు మంట కాదు. నాకు సిగ్గేసింది. ఒక సాదాసీదా కంటి ఆపరేషనుకి నాకు ఇంతమంది ప్రార్థన చేశారు, మా అయ్యగారు గుండెజబ్బుతో మంచం మీద ఉన్నప్పుడు మాలో ఒక్కరికీ నోరు పెగల్లేదు. ఆ సంగతి మా ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసిన సంగతే గనక ఎవరూ మాట్లాడరు. ఆ సాయంత్రం వచ్చినవాళ్లలో సగంమంది ఆ రోజు ఆసుపత్రిలో నా పక్కన నిలబడ్డవాళ్లే.

అయ్యగారంటే మా పాస్టరుగారు. మామిడికుదురుకీ రాజోలుకీ మధ్య ఒక కాలవగట్టు మీద మా ఊరు, ఆ గట్టుకి ఆనుకుని మా గుడి. ఆయన మా ఊరు వచ్చేనాటికి నేను బడిపంతులుగా కొత్తగా చేరాను, నేను రిటైరయ్యేనాటికీ ఆయనే ఉన్నారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు నడిచేవారు. ఆదివారం తెల్లవారగానే గుడి తాళం తీసేది ఆయన. గంట కొట్టేది ఆయన. మైకు కూయకుండా సవరించేది ఆయన. పాట ఎత్తేదీ ఆయనే, ఎందుకంటే మా బావగారు ఎత్తితే శ్రుతి కొబ్బరిచెట్టు ఎక్కి కూర్చునేది, కింద నుంచి మిగతావాళ్లెవరూ అందుకోలేకపోయేవారు. వాక్యం చదవడం, ప్రసంగం, ప్రకటనలు, ప్రార్థన, ఆశీర్వాదం అన్నీ ఆయనవే. అందరూ చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాక చాపలు చుట్టేది కూడా ఆయనే అని నేను చాలాకాలం గమనించలేదు. చాపలు వాటంతటవే చుట్టుకుంటాయని అనుకున్నానేమో తెలీదు.

గుడి ఒక్కటే కాదు. మా ఊళ్లో ఎవరు ఏ పని మొదలెట్టినా ఆయన చెయ్యి పడాలి. పునాది తవ్వినా, బోరు వేసినా, చెరువులో రొయ్యపిల్లని వదిలినా, కొత్త స్కూటీ షోరూము నుంచి తెచ్చినా కబురు ఆయనకే. పరీక్షలకు ముందు పిల్లలు హాల్ టికెట్లు, పెన్నులు తెచ్చి ఆయన ముందు పెట్టేవారు. మా బావగారు, అంటే మా పెద్దక్క భర్త, కొబ్బరికాయల వ్యాపారి, సంఘానికి కోశాధికారి, తన కాయలు దింపే కూలీలు చెట్టెక్కే ముందు కూడా అయ్యగారిని పిలిచి ప్రార్థన చేయించేవారు. జబ్బు పడితే ఇక చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి లేదు, అపరాత్రి లేదు, వరద లేదు, మనం పిలవడమే తరువాయి, గొడుగు వేసుకుని గుమ్మంలో ఉండేవారు. తలగడ పక్కన నిలబడి ఆయన ప్రార్థన చేస్తుంటే రోగికి సగం జబ్బు అక్కడే తగ్గేది. మిగతా సగం కోసమే మేం డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లం.

ఇదివరకు ఇలా ఉండేది కాదని మా వదినగారు చెప్పేది. ఆవిడ కాలం చేసిన మా అన్నయ్య భార్య, సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద. వెనకటి రోజుల్లో పనులు అందరూ పంచుకునేవారట. ఆ పంపకంలో ఆఖరుగా మిగిలింది గుడ్ ఫ్రైడే. ప్రభువు సిలువ మీద పలికినవి ఏడు మాటలు గనక, పన్నెండు నుంచి మూడు దాకా ఏడుగురు లేచి తలో మాట మీదా మాట్లాడడం మా దగ్గర పాత ఆనవాయితీ. దానికి ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు మాటలు పంచేవారు. ఒక సంవత్సరం నాకు అయిదో మాట వచ్చింది. దాహం మాట. ఏప్రిల్ నెల, కాలవలు కట్టేసిన రోజులు, పైగా కరెంటు పోయింది. జనమంతా ఉపవాసం, గొంతులో చుక్క నీరు లేదు. నేను బడిపంతుల్ని కదా, లేచి దాహం గురించి మొదలుపెట్టి గోదావరి పుట్టిన చోటు నుంచి వచ్చాను. ఆనకట్ట దాటి, కాలవలన్నీ తిరిగి, చెరువులు, బావులు, చలివేంద్రాలు, కుండలో వట్టివేళ్లు వేస్తే నీళ్లకు వచ్చే వాసన దాకా వర్ణించాను. ఆ వట్టివేళ్ల దగ్గర ముందు చాప మీది ముసలమ్మ మెల్లిగా పక్కకి ఒరిగిపోయింది. మొహాన నీళ్లు కొట్టి లేపారు. లేచిన వెంటనే ఆవిడ, ఇంకా నీళ్ల దగ్గరే ఉన్నాడా అని అడిగిందట.

మరుసటి ఏడు అయ్యగారు ఏడు మాటలూ తానే చెప్పారు. ఎంత బాగా చెప్పారో చెప్పలేను. సరిగ్గా మూడు గంటలకి ముగిసింది, గుడి గుడంతా ఏడ్చింది. ఇక ప్రతి ఏడూ అంతే. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లతో మా అయ్యగారు ఒక్కరే ఏడు మాటలూ చెబుతారండి అని గొప్పగా చెప్పుకునేవాళ్లం. మా బావగారు ఒక సంవత్సరం ఫ్లెక్సీ కూడా కట్టించారు. అందులో ప్రభువు బొమ్మ కంటే అయ్యగారి బొమ్మ కొంచెం పెద్దదిగా వచ్చిందని అయ్యగారే దాన్ని దింపించారు. బైబిల్లో యుద్ధం జరుగుతుంటే ప్రార్థనలో చేతులెత్తి నిలబడ్డ ఒక పెద్దమనిషికి చేతులు బరువెక్కిపోతే, ఇద్దరు చెరో పక్కన చేరి ఆ చేతుల్ని పట్టుకున్న కథ ఒకటి ఆయన చాలాసార్లు ప్రసంగం చేశారు. మేం కళ్లు తుడుచుకుంటూ విన్నాం, విని ఇళ్లకు వెళ్లి అన్నాలు తిన్నాం. ఆయన చాపలు చుట్టుకున్నారు.

అలాంటి మనిషి ఒక లెంటు కాలంలో, అంటే గుడ్ ఫ్రైడేకి ముందు వచ్చే నలభై రోజుల ఉపవాసాల్లో, ఎవరింటికో ప్రార్థనకి వెళ్తూ కాలవ వంతెన మీద కూలబడిపోయారు. గుండె బలహీనపడిపోయిందన్నారు, అమలాపురం ఆసుపత్రిలో పడుకోబెట్టారు. ఆదివారం గుడిలో ఏదో కాస్త పాడి, కాస్త చదివి, మధ్యాహ్నం ఒక ఆటో మాట్లాడుకుని మా బావగారు, మా వదినగారు, నేను, ఇంకొందరు పెద్దలు వెళ్లాం. పెద్ద వార్డు. ఆయన మంచం కిటికీ పక్కన. ముఖానికి ఆక్సిజన్ మాస్కు. పక్కన అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారనే ఆవిడ, స్టూలు మీద కూర్చుని ఉంది. తెల్లబట్టలు తప్ప ఎన్నడూ చూడని మనిషిని ఆసుపత్రి వాళ్ల ఆకుపచ్చ చొక్కాలో చూసేసరికి మాకు ఏం మాట్లాడాలో తెలీలేదు. ఎండల గురించి మాట్లాడాం. ఆటో కిరాయి గురించి మాట్లాడాం. బత్తాయిలు ఎలా తియ్యగా ఉంటాయో అమ్మగారికి మా వదినగారు చెప్పింది. ఆ కబుర్లు కూడా అయిపోయాయి.

అప్పుడు మేం అందరం కలిసి ఒక పని చేశాం. ఎవరూ చెప్పకుండానే తలలు వంచుకుని కళ్లు మూసుకున్నాం. అయ్యగారు ఉన్న చోట కబుర్లు ఆగిపోతే జరిగేది అదే, ఇన్నేళ్ల అలవాటు. కళ్లు మూసుకుని ప్రార్థన మొదలవడం కోసం ఎదురుచూస్తున్నాం. ఎంతకీ మొదలు కాలేదు. ఎక్కడో ఫ్యాను కిర్రుమంటోంది. నేను ఒక కన్ను తెరిచి చూశాను. మావాళ్లంతా బుద్ధిగా కళ్లు మూసుకుని నిలబడి ఉన్నారు. అయ్యగారు మాత్రం కళ్లు తెరిచి, మాలో ఒక్కొక్కళ్ల మొహమే వరసగా చూస్తున్నారు. ఆ చూపులో కోపం లేదు. ఎవరో ఒకరు మొదలెడతారేమో అని ఆశగా చూస్తున్నారంతే. నా ఒంటికన్ను ఆయనకి దొరికిపోయింది.

“మాస్టారూ,” అన్నారు మాస్కులోంచి, “మీరు చెయ్యండి.”

నా జీవితంలో నేను మాట్లాడలేని సందర్భం అంటూ లేదు. ఆగస్టు పదిహేను మీద మాట్లాడాను, చిన్నమొత్తాల పొదుపు మీద మాట్లాడాను, దాహం మీద ఎంతసేపు మాట్లాడానో చెప్పాను కదా. ఆ క్షణంలో మాత్రం తెరిచిన ఆ ఒక్క కన్నూ మళ్లీ మూసుకున్నాను. ఆయన ముందు నేను ప్రార్థన చెయ్యడం తాతకి దగ్గులు నేర్పడమే కదా అనిపించింది. ఆయన చేసే ప్రార్థనలు నాకు తెలుసు, వాటి ముందు నాది ఎలా ఉంటుందోనని భయపడ్డాను. చావుబతుకుల్లో ఉన్న మనిషి దగ్గర నిలబడి నేను ఆలోచించింది నా మాటలు ఎలా ఉంటాయన్నదే. “మీ ముందు మేమేంటండి అయ్యగారూ,” అని నవ్వి, మా బావగారి వైపు తిరిగాను. మా బావగారు, స్త్రీలు చేస్తే బాగుంటుందన్నారు. మా వదినగారు, మగవాళ్లు ఇంతమంది ఉండగా నేనెందుకులెండి అంది. వేడి గిన్నె ఒకళ్ల చేతిలోంచి ఇంకొకళ్ల చేతిలోకి మారినట్టు ఆ ప్రార్థన మా చుట్టూ తిరిగి తిరిగి మళ్లీ మంచం దగ్గరికే వచ్చింది.

అయ్యగారు మాస్కు పక్కకి తీశారు. అమ్మగారు వద్దని చెయ్యి పట్టుకుంది, ఆయన ఆ చెయ్యి మెల్లిగా విడిపించుకున్నారు. ఆగి ఆగి, ఊపిరి అందుకుని అందుకుని మాకోసం ప్రార్థన చేశారు. మేం క్షేమంగా ఇళ్లకు చేరాలని చేశారు. మా బావగారి కొబ్బరికాయలకి ధర రావాలని, మా వదినగారి మోకాళ్ల నొప్పులు తగ్గాలని, మా మనవరాలు ఇంటరు పాసవ్వాలని చేశారు. అక్కడున్న ఒక్కరినీ మరిచిపోలేదు. తన గుండె గురించి మాత్రం ఒక్క మాట లేదు. నర్సు పరుగెత్తుకొచ్చి, పేషెంటుని మాట్లాడిస్తారా అని మమ్మల్ని నాలుగు చివాట్లు పెట్టి బయటికి పంపింది.

వరండాలోకి వచ్చాక, పక్క మంచం రోగి తాలూకు ఒకామె చెంబు పట్టుకుని మా వెనకే వచ్చింది. కొత్తపేట వైపు రైతు కుటుంబమట. చాలా మర్యాదగా, తల మీద కొంగు సవరించుకుని నన్ను అడిగింది.

“ఆయ్, తెలీక అడుగుతున్నానండి, ఏమీ అనుకోకండి. ఒంట్లో బాగోలేనిది ఆయనకాండి, మీకాండి?”

ఆవిడ ఎగతాళి చెయ్యలేదు. నిజంగానే తెలీక అడిగింది. నేను ఆవిడకి నీళ్లు ఎక్కడ పడతారో చూపించాను. తిరుగు ప్రయాణంలో ఆటోలో ఒకళ్ల మోకాళ్లు ఒకళ్లకి తగులుతూ కూర్చున్నాం గానీ ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకోలేదు. ఇంటికొచ్చాక మా ఆవిడ, ప్రార్థన చేశారా అని అడిగితే చేశామన్నాను. ఎవరు చేశారని అడగలేదు గదా అని ఊరుకున్నాను. మర్నాడు మా వదినగారి దగ్గర సంగతంతా విని వచ్చి, నా ముందు కంచం పెట్టి, అన్నం వడ్డించి, ఒక్కటే అంది. “ఊళ్లో పిల్లలందరినీ లేచి నిలబడి జవాబు చెప్పమని కొట్టేరు కదండీ ఇన్నేళ్లూ.”

అయ్యగారిని ఇంటికి తీసుకొచ్చేనాటికి మట్టల ఆదివారం దగ్గరపడింది. ఆయన నాలుగు మాటలు వరసగా మాట్లాడకూడదన్నారు డాక్టర్లు. గుడ్ ఫ్రైడేకి ఇంకో పాస్టరుగారిని ఎవరినైనా పిలుద్దామని మా బావగారు ఫోన్లు చేశారు. పెళ్లికైతే పాస్టరుగారు దొరుకుతారు, చావుకి దొరుకుతారు. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం మాత్రం ఏ గుడి పాస్టరుగారు ఆ గుడిలో ఉంటారు, అప్పు ఇవ్వడానికి ఎవరి దగ్గరా రెండోవారు ఉండరు. తాటిపాక నుంచి మా ఊరి దాకా ఎవరినడిగినా అదే జవాబు. చేసేది లేక నేను అయ్యగారింటికి వెళ్లాను. గుడి వెనక రెండు గదుల పెంకుటిల్లు. ఆయన వాలుకుర్చీలో ఉన్నారు. పాత పద్ధతిలో ఏడుగురం పంచుకోమంటారా అని అడిగాను. ఆయన కిటికీలోంచి గుడి గోడ వైపు చూశారు.

“మీకు రాదని కాదండి మాస్టారూ నేను తీసుకున్నది. నేను లేపోతే మీకు జరగదంటే నాకు బాగుండేదండి. మీరు అంటా ఉంటే ఇంకా బాగుండేది. ఆసుపత్రిలో మిమ్మల్నందర్నీ అలా చూసేసరికి, ఇదేనా నేను ఇన్నాళ్లూ చేసింది అనిపించిందండి. ఎవరికీ నడక రానివ్వకుండా అందర్నీ చంకనెత్తుకు తిరిగేను.”

మేం దిగుతామని ఎప్పుడూ అనలేదు కదండీ అన్నాను. నిజమే అన్నట్టు తలూపారు. తరవాత, అయిదో మాట మాత్రం మీరు తీసుకోకండి అని నవ్వబోయారు, నవ్వు దగ్గులోకి దిగింది. అమ్మగారు వచ్చి నన్ను కళ్లతోనే బయటికి పంపింది.

ఆ గుడ్ ఫ్రైడే మేం ఏడుగురం ఏడు మాటలూ చెప్పాం. చెప్పాం అనడమే గానీ, అప్పచెప్పాం అనడం సరిగ్గా ఉంటుంది. అందరం కాగితాలు రాసుకుని వెళ్లాం. మా బావగారికి క్షమించడం గురించిన మొదటి మాట వచ్చింది, మూడు వాక్యాలు చదివి, చెమట తుడుచుకుని, నేను చాలామందిని క్షమించాల్సి ఉంది అని కూర్చున్నారు. మా వదినగారు, ప్రభువు తన తల్లిని శిష్యుడికి అప్పగించిన మాట చెబుతూ మధ్యలో ఏడ్చి, కళ్లజోడు తుడుచుకునేసరికి ఏ వరసలో ఉందో మర్చిపోయి మళ్లీ మొదటినుంచి చదివింది. నేను ఈసారి ఎంత జాగ్రత్తగా క్లుప్తంగా చెప్పానంటే, కూర్చున్నాక మా ఆవిడ ఇంకా అవలేదనుకుని నా వైపే చూస్తూ ఉంది. మూడింటికి ముగియాల్సిన ఆరాధన రెండింటికే అయిపోయింది. ఇంటికి వెళ్లడానికి వీల్లేదు, ఉండడానికి ఏమీ లేదు. మిగిలిన గంటా పాటలు పాడాం. అయ్యగారు వెనకాల ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. మా బావగారు పాట ఆకాశంలో ఎత్తుకోగానే ఆయన చెయ్యి దానంతటదే లేచి, కిందికి, కిందికి అని సైగ చేసింది. మళ్లీ ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నారు.

మొత్తానికి గడ్డెక్కాం అనుకున్నాను. అందరూ వెళ్లిపోయాక, ఎందుకో ఆ రోజు నేను ఆగి చాపలు చుడుతున్నాను. అమ్మగారు వచ్చి రెండో కొస పట్టుకుంది. బాగా చేశారండి అంటుందేమో అని ఎదురుచూశాను. ఆవిడ చాప చుట్టడం అయ్యాక, దాన్ని గోడకి ఆనించి, నెమ్మదిగా అంది.

“దేశం గురించి ప్రార్థన చేసేరు, పంటల గురించి చేసేరు. ఆయన గురించి ఎవరూ చెయ్యలేదండి. ఇంతకు ముందూ ఎవరూ చెయ్యలేదు. నేనొక్కదాన్నే వంటింట్లో నించుని చేసుకునేదాన్నండి.”

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఆయన అక్కడే, మా వెనకే కూర్చుని ఉన్నారు. మా ఏడు కాగితాల్లో ఎక్కడా ఆయన లేరు. మా ఇళ్లల్లో ప్రతి గదిలో, ప్రతి మంచం పక్కనా నిలబడ్డ మనిషికి కూడా ఎవరైనా పక్కన నిలబడాలన్న ఊహే మాకు ఎన్నడూ రాలేదు. ఆసుపత్రిలో నాకు నోరు రాలేదని సిగ్గుపడ్డాను. అది చిన్న సిగ్గు. ఈ రెండోది తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను. అయ్యగారు కదా, ఆయనకి పైనుంచి నేరుగా వస్తుందిలే అనుకున్నామేమో. పొయ్యికి చలేస్తుందా అని అడగం కదా, అలాగ.

ఆ మాట నేను మా బావగారికీ, మా వదినగారికీ చెప్పాను. ఇద్దరూ నాలాగే నేల చూశారు. తరవాత ప్రతి బుధవారం ఎవరో ఒకరింట్లో కూడి, తలుపులు వేసుకుని, బయటివాళ్లెవరూ వినకుండా ప్రార్థన చెయ్యడం మొదలుపెట్టాం. ముసలితనంలో సైకిలు నేర్చుకునేవాళ్లు చీకట్లో తొక్కుకుంటారే, అలాగ. మొదట్లో అచ్చం అయ్యగారి మాటలే, ఆయన దగ్గుతో సహా వచ్చేవి. మా బావగారు ఒకసారి తన ఇంట్లో కూర్చుని, ఈ ఇంటివారిని దీవించమని, ఈ ఇంటి యజమాని వ్యాపారాన్ని చల్లగా చూడమని చేశారు. ఈ ఇంటి యజమాని మీరే కదండీ అంది మా అక్క. నవ్వుకున్నాం. అయ్యగారింటికి వెళ్లి ఆయన ఎదుట చెయ్యడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలలేదు. ఇంకొంచెం వచ్చాక వెళ్దాం అనుకుంటూ వాయిదా వేశాం. కాలవలకి నీళ్లొదిలారు, నారుమళ్లు పోశారు, వానలు పట్టుకున్నాయి.

ఒక మధ్యాహ్నం అమ్మగారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. డాక్టరుగారు ఇక ఇంట్లోనే ఉంచుకోమన్నారు, ఒకసారి రండి అంది. గట్టు రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. మా బావగారు ముందు, నేను వెనక, మధ్యలో మా వదినగారు మా ఇద్దరి చేతులూ పట్టుకుని నడిచింది. అయ్యగారు మంచం మీద కళ్లు మూసుకుని ఉన్నారు. ఊపిరి పీల్చేటప్పుడు చప్పుడు, వదిలాక చాలాసేపు ఏమీ లేదు. అమ్మగారు చెవిలో మేం వచ్చామని చెప్పింది. కళ్లు కాస్త తెరిచి చూసి మళ్లీ మూసుకున్నారు. ఈసారి ఆయన ఎవరినీ చెయ్యమని అడగలేదు. అడిగే ఓపిక లేదు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. “ప్రభువా” అన్నాను. బుధవారాలు నేర్చుకున్నదంతా ఎక్కడికో పోయింది. రెండోసారి “ప్రభువా” అని ఆగిపోయాను. ఆ ఆగిన చోట మా బావగారు అందుకున్నారు. “మా నాన్నగారు పోయిన రోజు ఈయన వరదలో ఈదుకుంటా వచ్చేరు ప్రభువా,” అన్నారు, ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో ఆ గొంతు, నేలమీదే ఉంది. ఆయన ఏడుపులో పడగానే మా వదినగారు ఎత్తుకుంది. మా అన్నయ్య ఆఖరి రోజుల్లో అయ్యగారు ఆసుపత్రి మెట్ల మీద పడుకున్న సంగతి, అది మాకెవరికీ తెలియని సంగతి, దేవుడికి చెప్పింది. పల్లకీ మోసేవాళ్లు భుజం మార్చుకున్నట్టు ఒకళ్లు ఆగిన చోట ఇంకొకళ్లం పట్టుకుంటూ ముగ్గురం కలిసి ఒక్క ప్రార్థన చేశాం. మళ్లీ నా వంతు వచ్చింది. “ఈయన్ని ఒంటరిగా వదిలేసేం ప్రభువా,” అన్నాను. “అన్నీ ఈయన మీద పడేసి మేం కూచున్నాం. మమ్మల్ని క్షమించు. ఈయనకి తోడుండు.” అంతకు మించి రాలేదు. ఎలా ముగించాలో కూడా తెలీక ఊరుకున్నాను.

అప్పుడు మంచం మీది నుంచి, సన్నగా, “ఆమేన్” అని వినపడింది.

ఆయన నోట ఆ మాట మేం వినని ఆదివారం లేదు. అవన్నీ ఆయన ప్రార్థన చివర ఆయన అన్నవే. ఇంకొకరి ప్రార్థనకి ఆయన ఆమేననడం మేం వినడం అదే మొదలు. అమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన వేళ్లు నా చేతిలో ఒకసారి బిగిసి వదులయ్యాయి. చీకటి పడకముందే ఆయన వెళ్లిపోయారు. ఇన్నేళ్ల ఆదివారాలు మా చేతుల్లో ఉండగా, ఆ ఒక్క మాట ఆయన చేత అనిపించడానికి ఆయన ఆఖరి మధ్యాహ్నం దాకా మాకు తీరిక దొరకలేదు.